కరెంటు వచ్చిన నిమిషం

సెంట్రల్ జైలు, రాజమండ్రి
జూన్ 8, 2025

అక్కా, వందనాలు.

మొన్న ములాఖత్‌లో అద్దం అవతల నుంచి "అప్పీలు ఎందుకు వద్దంటున్నావురా, అసలు నీ మనసులో ఏముంది?" అని అరిచావు. పక్కవాళ్ళ ఏడుపుల్లో సగం వినబడలేదు, అయినా అర్థమైంది. ఆ పది నిమిషాల్లో చెప్పే సంగతి కాదు కాబట్టి రాస్తున్నాను. ఇక్కడ ఉత్తరాలు చదివాకే బయటికి పంపుతారు. చదవనీ, దాచేదేమీ లేదు.

నాతో పనిచేసే రాజరత్నం అన్న చచ్చిపోయిన రోజు స్టార్టర్ నేను నొక్కానో లేదో నాకు తెలియదు.

పోలీసులకి "నేనే నొక్కి ఉంటానండి" అన్నాను. జడ్జిగారి ముందూ అదే చెప్పాను. "ఉంటాను" అన్న ముక్కని ఎవరూ పట్టించుకోలేదు. ఏడాదిన్నర శిక్ష పడింది, వచ్చేశాను.

త్రినాథరాజు గారి రొయ్యల చెరువుల మీద ఎనిమిదేళ్ళు సూపర్‌వైజర్‌గా చేశాను. అక్కడ కరెంటు వచ్చిందంటే షెడ్డుకి దగ్గరలో ఎవరుంటే వాళ్ళు పరిగెత్తి ఐదు మోటార్ల స్టార్టర్లూ నొక్కేస్తారు. నీళ్ళు చిలికి గాలి పట్టించే ఏరియేటర్లు కాసేపు ఆగితే చాలు, గాలి అందక రొయ్యలు తేలిపోతాయి. నేను నొక్కేవాణ్ణి, కాపలావాడు నొక్కేవాడు, మేత బస్తాలు దించడానికొచ్చిన ఆటోవాడు కూడా నొక్కి తన దారిన తను పోయేవాడు. ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. చెయ్యి తనంతట తనే వెళ్ళిపోతుంది.

ఆ రోజు, 2022 ఆగస్టు పదిన, ముసురు పట్టి ఉంది. పొద్దున్నే కరెంటు పోయింది. జనరేటర్ బాగుచేతకి వెళ్ళింది. మూడో చెరువులో ఏరియేటర్ రెక్కలకి నాచు చుట్టుకుందని అన్న నీళ్ళలోకి దిగాడు. దిగేముందు ఫ్యూజు పీకి జేబులో వేసుకోవాలి. ఐదు నిమిషాల పనికి ఫ్యూజెందుకని పీకలేదు. ఆయన దిగిన సంగతి నాకు తెలియదు. నేను మేత గదిలో ఉన్నాను. బల్బు వెలగగానే షెడ్డుకి పరిగెత్తాను. షెడ్డులో నిలబడటం గుర్తుంది. ఏరియేటర్ల చప్పుడు గుర్తుంది. మధ్యలో నా చెయ్యి ఏం చేసిందో గుర్తులేదు. తర్వాత మూడో చెరువు గట్టు మీద అరుపులు. కేబుల్ ఎక్కడో చిట్లి ఉందట, కరెంటు నీళ్ళలోకి దిగింది.

ఇప్పుడు అసలు సంగతి. షెడ్డులో కెమెరా ఉంది, ఆఫీసు కంప్యూటర్‌తో పాటు అదీ ఇన్వర్టర్ మీదే, కరెంటు పోయినా నడుస్తుంది. అది ఊరికే టీవీలో చూసుకోవడానికే అని రాజుగారు పోలీసులతో చెప్పారు, పాపం ఆయనకి తెలిసింది అంతే. దాన్ని ఆఫీసు కంప్యూటర్‌లో రికార్డయ్యేలా నా సరదా కొద్దీ నేనే అమర్చాను, ఎవరికీ చెప్పలేదు. అన్న పోయాక రెండు రోజులు ఆ కంప్యూటర్ నా ముందే ఉంది. చూడలేదక్కా. భయమేసింది. మూడో రోజు రాజుగారు కెమెరాలు పీకించేశారు, నన్ను పనిలోంచి తీసేశారు. అందుకే ఆ రికార్డు మీద ఇంకేమీ పడి చెరిగిపోయి ఉండదు.

ఐదు నెలలుగా ఇక్కడ పడుకున్నా, నిలబడినా ఆ షెడ్డులోనే ఉంటున్నాను. ఇక నావల్ల కాదు. నేనైతే నేనేనని తెలియాలి. కాకపోతే కాదని తెలియాలి. ఆ కంప్యూటర్ ఎక్కడుందో కనుక్కో.

నీ తమ్ముడు
ప్రేమ్


చినమెరక
జూన్ 24, 2025

ఒరేయ్ ప్రేమ్,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీ మీద కోపంతో అన్నం తినలేదు. మూడేళ్ళు! మూడేళ్ళు ఇది కడుపులో పెట్టుకుని, బెయిలు మీద మా ఇంట్లోనే తిరుగుతూ, నేను చేసిన గోంగూర పచ్చడికి వంకలు పెడుతూ కూర్చున్నావా? నువ్వు ఎదురుగా ఉంటే బడి బెత్తంతో కొట్టేదాన్ని.

కోపం దిగాక రాజుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన కొత్త కంప్యూటర్ కొన్నారు, నీది గోనెపట్టా కింద ఉంది. "పిల్లలకి నేర్పుకుంటానండి" అన్నాను. "అదెందుకమ్మా టీచరుగారూ, బల్లి గుడ్లు పెట్టింది దాంట్లో. కావాలంటే పట్టుకెళ్ళండి" అని మనిషిని ఇచ్చి ఆటో ఎక్కించారు. ఆయన ముఖం చూస్తూ అబద్ధమాడినందుకు సిగ్గేసింది. నీ గురించి అడిగారు, "మంచి కుర్రాడండి, చెయ్యి పొరపాటు" అన్నారు.

మన ముందు గదిలో పెట్టాను. వెలిగింది. తర్వాత భీమవరం వెళ్ళి వకీలు లోకనాథ్ గారిని కలిశాను. గడువు దాటినా కొత్త సాక్ష్యం ఉందంటే అప్పీలుకి దారి ఉందట. కానీ ఆయన ఒకటి గట్టిగా చెప్పారు. "ముక్క కోసి తెస్తే మనమే కల్పించామంటారమ్మా. ఆ రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా తెగకుండా ఒకటే వీడియో కావాలి." నీ కెమెరా ప్రోగ్రాంలో "ఎక్స్‌పోర్ట్" అన్నది నొక్కి తేదీ ఇచ్చాను. రోజంతటినీ ఒకే ఫైలుగా చేయడం మొదలుపెట్టింది. గంటన్నర తర్వాత డిస్క్ నిండిపోయిందని ఆగింది. చూస్తే సగానికి పైగా ఖాళీ! మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే. ఈ పిచ్చి పెట్టెకి ఏం రోగం?

రికార్డు నేను తెరిచి చూడలేదు. నీకే కాదు, నాకూ భయమే.

రాజరత్నం భార్య సత్యకుమారి రొయ్యల పొట్టు వలిచే పనికి వెళుతోంది. పెద్ద పిల్ల నా క్లాసే. గుడిలో ప్రార్థనకి నా పక్కనే కూర్చుంటుంది, నీ పేరు ఎత్తదు. నీకు చెప్పలేదు, రాజరత్నం పోయిన ఏడాదికి సత్యకుమారి కాలువలో దూకింది. లాకుల దగ్గర ఎవరో జుట్టు పట్టుకుని లాగారు. ఇప్పుడు కాస్త తేరుకుంది.

ఏం చెయ్యాలో వివరంగా రాయి. నేను లెక్కల టీచర్ని కానీ కంప్యూటర్ టీచర్ని కాదు, అది గుర్తుపెట్టుకుని రాయి.

అక్క
మెర్సీ


రాజమండ్రి
జూలై 6, 2025

అక్కా, వందనాలు.

రోగం ఏంటో తెలిసింది. తప్పు నాదే. రాజుగారి పాత ప్రోగ్రాం ఒకటి నడవడం కోసం ఆ డిస్క్‌ని ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో పెట్టాను. డిస్క్‌లో ఏది ఎక్కడుందో రాసుకునే పద్ధతి అన్నమాట. నీ హాజరు పట్టీలో ఒక్కో పేరుకి ముప్పై ఒక్క గడులే ఉంటాయి కదా, పట్టీ అంతా ఖాళీగా ఉన్నా ముప్పై రెండో రోజు వెయ్యడానికి చోటుండదు. ఇదీ అంతే. నాలుగు జీబీ దాటిన ఫైలుకి అందులో గడి లేదు. ఆ కెమెరా ప్రోగ్రాం సి డ్రైవ్‌లో తన ఫోల్డర్‌లోకి తప్ప ఇంకెక్కడికీ పంపదు. కాబట్టి ఆ సి డ్రైవ్‌నే ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే కొత్త పద్ధతిలోకి మార్చాలి. లోపలున్నవి చెరపకుండానే మార్చొచ్చు. కానీ కంప్యూటర్ ఏ డ్రైవ్ మీద నిలబడి ఉందో దాన్నే మారుస్తున్నాం, అందుకే భయం. నిచ్చెన మీద ఉండగానే మెట్లు మార్చుకోవడం. మార్చాక మళ్ళీ పాతదానికి రాదు, అది కూడా తెలుసుకో.

ముందు బయటి హార్డ్ డిస్క్ ఒకటి కొని, కెమెరా ఫోల్డర్ మొత్తం అందులోకి కాపీ చెయ్యి. డి డ్రైవ్‌లో పెడితే చాలనుకోకు, అందరూ చేసే తప్పు అదే. సి, డి రెండూ ఒకే డిస్క్, అది పోతే రెండూ పోతాయి. కాపీ అయ్యాక డిస్క్‌లో తప్పులున్నాయేమో చెక్ చేయించు, ఎలాగో వెనకవైపు రాశాను. తర్వాత ఆగస్టు పది రికార్డు తెరిచి, కరెంటు వచ్చిన సమయం, పదకొండు నుంచి పన్నెండు దాకా నడుస్తోందో లేదో చూడు. పాడైనదాన్ని మార్చి లాభం లేదు.

ఇవన్నీ అయ్యాక కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల కిటికీలో ఈ ఒక్క లైను కొట్టు:

convert c: /fs:ntfs

డ్రైవ్ పేరు అడుగుతుంది, ERATE అని కొట్టు. ఇప్పుడు కుదరదు, మళ్ళీ స్టార్ట్ అయినప్పుడు చెయ్యమంటావా అంటుంది. Y కొట్టి రీస్టార్ట్ చెయ్యి. నీలం తెర వస్తుంది. గంట పట్టొచ్చు, తనే ఒకటి రెండుసార్లు ఆగి మొదలవుతుంది. నువ్వు దేన్నీ ముట్టుకోకు. ముఖ్యంగా మధ్యలో కరెంటు పోకూడదు. పోయిందంటే అటు పాతదీ కాదు, ఇటు కొత్తదీ కాదు, డ్రైవే తెరుచుకోదు. ఇన్వర్టర్‌కి తగిలించు. ఆదివారం గుడి అయ్యాక మొదలుపెట్టు, తీరిగ్గా ఉంటుంది.

ఈ నాలుగు ముక్కలు తర్వాత కలుపుతున్నాను. ఉత్తరాలు చదివే అయ్యగారు ఈ కాగితం చూసి నన్ను పిలిపించి ఆ ఇంగ్లీషు లైను ఏం రహస్యమని అడిగారు. విడమర్చి చెప్పాను. ఆయన ఇంట్లో కంప్యూటర్ నెమ్మదిగా నడుస్తోందట, దానికేం చెయ్యాలో చెప్పించుకుని మరీ ముద్ర వేశారు.

నీ తమ్ముడు
ప్రేమ్


చినమెరక
జూలై 29, 2025

ప్రేమ్‌కి,

బయటి డిస్క్ కొన్నాను. కాపీ అయింది. చెక్ చేయించాను, తప్పులు లేవంది.

రికార్డు నడుస్తోంది.

ఇక్కడ వానలు. ఒంట్లో కాస్త నలతగా ఉంది, ఎక్కువ రాయలేను.

అక్క


రాజమండ్రి
ఆగస్టు 9, 2025

అక్కా,

"రికార్డు నడుస్తోంది." అంతేనా? నువ్వు గోంగూర గురించి పేజీ రాసేదానివి. ఇప్పుడు ఆరు లైన్లు రాశావు, ఒరేయ్ అనైనా అనలేదు.

చూశావు కదా. పదకొండు నుంచి పన్నెండు దాకా చూశావు. ఎవరున్నారక్కా షెడ్డులో? నేనే కదా? నేనే అయితే వెంటనే రాసెయ్యి. నేను చిన్నపిల్లాణ్ణి కాదు, ముప్పై నాలుగేళ్ళు. శిక్ష ఎలాగూ అనుభవిస్తున్నాను, దేనికోసమో తెలిస్తే తేలిగ్గా ఉంటుంది.

రేపటికి అన్న పోయి మూడేళ్ళు. ఇక్కడ ప్రార్థన పెట్టుకుంటాను. నువ్వు సత్యకుమారి వదినకి కనబడు, నేను రమ్మన్నానని చెప్పకు.

ప్రేమ్


చినమెరక
ఆగస్టు 17, 2025
పోస్టు చెయ్యని ఉత్తరం

ఒరేయ్ నాన్నా,

ఇది నీకు పంపను. పంపితే గేటు దగ్గర చదువుతారు, చదివితే ఆ పేరు కాగితం మీదికి ఎక్కుతుంది, ఎక్కితే పోలీసులు వస్తారు. అయినా ఎవరికో ఒకరికి చెప్పకపోతే నా గుండె ఆగిపోయేలా ఉంది, అందుకే నీకే రాసుకుంటున్నాను.

నువ్వు కాదురా. సత్యకుమారి.

పదకొండు నలభైకి షెడ్డులోకి వచ్చింది. మొగుడికి క్యారేజీ తెచ్చింది. గొడుగు మడిచి మూల పెట్టింది. క్యారేజీ మేకుకి తగిలించింది. అంతలో బల్బు వెలిగింది. పైట సర్దుకుంటూనే ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, వరసగా నొక్కుకుంటూ పోయింది. కనీసం వాటివైపు సరిగ్గా చూడను కూడా చూడలేదు. గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. నువ్వు చెప్పావు చూడు, చెయ్యి తనంతట తనే వెళ్ళిపోతుందని, అచ్చం అలాగే. నువ్వు వచ్చింది ఆ తర్వాత. తలుపులో నిలబడ్డావు, ఐదు స్టార్టర్లవైపూ చూశావు, అన్నీ ఆన్‌లో ఉన్నాయి. దేన్నీ ముట్టుకోకుండా వెనక్కి తిరిగావు. పదకొండు సార్లు చూశాను. ఒక్కసారైనా వేరేలా ఉంటుందేమోనని చూశాను.

నొక్కినట్టు ఆమెకి గుర్తులేదు. నువ్వు నొక్కలేదని నీకు గుర్తులేనట్టే. కోర్టులో "క్యారేజీ షెడ్డులో పెట్టి వెళ్ళిపోయానండి" అని ప్రమాణం చేసి చెప్పింది, అది అబద్ధం కాదు, ఆమెకి తెలిసింది అంతే.

ఇవాళ గుడి నుంచి వచ్చి నువ్వు చెప్పినట్టే చేశాను. చెయ్యకుండా ఎలా ఉంటాను, నా తమ్ముడివి. ఆ లైను కొట్టాను, Y కొట్టాను, నీలం తెర వచ్చింది. నలభై శాతం దాకా వెళ్ళింది. అప్పుడు వీధి తలుపు దగ్గర "టీచరుగారూ" అని పిలుపు. సత్యకుమారి! పిల్ల పరీక్ష పేపరు మీద సంతకం పెట్టి ఇవ్వడానికి వచ్చింది. నా ముందు గదిలోనే, ఆ తెర పక్కనే, చాప మీద కూర్చుంది. "టీవీయాండీ ఇది?" అని అడిగింది. కాదు, కంప్యూటరన్నాను. అప్పుడు తనంతట తనే మొదలుపెట్టింది. "మూడేళ్ళయిందండీ మొన్నటికి. ఆ రోజు ఆయన ముఖం చూడకుండానే వచ్చేశానండి. గట్టు మీదికి వెళ్ళి ఒక్క కేకేస్తే పోయేది. పిల్ల బడి నుంచి వచ్చేత్తాదని గబగబా వచ్చేశాను. ఆ కేక వెయ్యలేదనే కాలువలో దూకానండి నేను. మీరెవరికీ చెప్పకండి."

కేక వెయ్యనందుకే దూకిన మనిషిరా అది! ఈ వీడియో కోర్టులో పెట్టి, ఆమెని ఎదురుగా నిలబెట్టి, "ఇది నువ్వేనా?" అని అడిగితే ఆ సాయంత్రానికి ఆ పిల్లలకి తల్లి ఉండదు. అది నాకు తెలుసు. నీకు ఇంకా పదకొండు నెలలే. నువ్వు బయటికి వస్తావు.

ఆమె మంచినీళ్ళు అడిగింది. ఇచ్చాను. తాగి వెళ్ళిపోయింది. నేను వెనక్కి వచ్చి, ఇన్వర్టర్ స్విచ్చి తీసేశాను. తెర ఆరిపోయింది. మళ్ళీ వేస్తే రాలేదు. నువ్వు తెలివైనవాడివి, ఎలాగో బయటికి లాగిస్తావని, మరమ్మతువాడిచేత డిస్క్ ఊడదీయించి, అదీ, బయటి డిస్కూ రెండూ పెరట్లో పెట్టి రుబ్బురోలు పొత్రంతో కొట్టాను. డిస్కుల లోపలి పళ్ళేలు అద్దంలా పగిలాయి.

నీ బతుకు మీద తీర్పు చెప్పడానికి నేనెవర్ని? ఎవర్నీ కాను. అయినా చెప్పేశాను. దేవుడు నన్ను అడుగుతాడు, అప్పుడు చెప్పుకుంటాను. నువ్వు అడిగితే మాత్రం ఏం చెప్పాలో తెలియడం లేదు.

అక్క


చినమెరక
ఆగస్టు 19, 2025

తమ్ముడూ,

జాగ్రత్తగా చదువు. నేను రికార్డు మొత్తం చూశాను. స్టార్టర్ నొక్కింది నువ్వు కాదు. నువ్వు రాకముందే అవి ఆన్‌లో ఉన్నాయి. బైబిలు మీద చెయ్యి వేసి రాస్తున్నాను.

ఎవరన్నది రాయను. నన్ను అడగకు. ములాఖత్‌లో కూడా అడగకు.

కంప్యూటర్ పోయింది. కరెంటు పోలేదు, మార్పు జరుగుతుండగా నేనే ఆపేశాను. కాపీ కూడా నేనే పగలగొట్టాను. చేతులారా చేశాను. లోకనాథ్ గారికి రికార్డు దొరకలేదని చెప్పేశాను. నీకు తెలియాలన్నావు, తెలిసింది. నువ్వు కాదు. నా మాట చాలదా నీకు? నీకు అక్షరాలు దిద్దించిన అక్కని. తిట్టాలనుంటే తిట్టు, ఎంత తిట్టినా పడతాను. కానీ ఇక ఆ షెడ్డులో నిలబడకు, బయటికి వచ్చెయ్యి.

మెర్సీ అక్క


రాజమండ్రి
సెప్టెంబరు 14, 2025

అక్కా, వందనాలు.

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. మొదటి వారం నిన్ను చాలా తిట్టుకున్నాను. తర్వాత ఒకరోజు తోటపనిలో ఉండగా ఒక్కసారిగా అర్థమైంది. అక్కడే గట్టు మీద కూర్చుని ఏడ్చాను.

నీకు అబద్ధమాడటం రాదక్కా. నేను కాకపోతే నువ్వు ఆ డిస్క్‌ని నెత్తిన పెట్టుకుని కోర్టుకి పరిగెత్తేదానివి. ఎవరినో కాపాడటానికి నన్ను జైల్లో ఉంచే మనిషివి కాదు నువ్వు. నువ్వు ఆపేసింది నాకోసమే. నేను నొక్కడం చూశావు, అది నా కంట పడకూడదనుకున్నావు. బైబిలు మీద చెయ్యి వేసి అబద్ధం రాశావంటే నా మీద ఎంత ప్రేమ ఉండాలి! ఆ పాపం నీకు అంటకూడదని రోజూ ప్రార్థన చేస్తున్నాను.

నిజం చెప్పనా? తేలిగ్గా ఉంది. మూడేళ్ళ తర్వాత మొదటిసారి నిద్ర పట్టింది. నేనే. సరే, నేనే. ఇక వెతుక్కోవడం లేదు.

సత్యకుమారి వదినకి ఉత్తరం రాశాను. ఇన్నాళ్ళూ "నొక్కి ఉంటాను" అంటూ నంగినంగిగా చెప్పాను, ఈసారి "నొక్కాను" అని రాశాను. క్షమించమని అడిగాను.

నీ తమ్ముడు
ప్రేమ్


చినమెరక
సెప్టెంబరు 25, 2025

ఒరేయ్ ప్రేమ్, ఎంత పని చేశావురా!

నువ్వు కాదు. కాదు, కాదు, కాదు. ఎన్నిసార్లు రాయాలి? నీకోసం ఆపలేదు. నువ్వు అనుకుంటున్నంత మంచి అక్కని కాను నేను, అదే నా ఏడుపు. ఎవరినో కాపాడటానికి నిన్ను జైల్లో ఉంచే మనిషినే. నమ్మరా నన్ను.

సత్యకుమారి నీ ఉత్తరం పట్టుకుని బడికి వచ్చింది. చదివి వినిపించమంది. పిల్లలందరినీ బయటికి పంపి చదివాను. "నొక్కాను" అన్న చోట నేను ఆగి, మళ్ళీ మొదలుపెట్టాను. ఆమె మాత్రం ఏడవలేదు. ఉత్తరం మడత పెడుతూ, "మీరు ఆ కంప్యూటర్‌లో చూశారంట కదండీ, రాజుగారి మనుషులు అనుకుంటున్నారు. ఏం కనబడిందండీ?" అంది. ముసురుకి ఏమీ కనబడలేదన్నాను. నా ముఖంలోకి చాలాసేపు చూసింది.

ఆమెకి ఇంకేమీ రాయకు. నన్ను నమ్ము.

అక్క


రాజమండ్రి
డిసెంబరు 7, 2025

అక్కా, వందనాలు.

సత్యకుమారి వదిన ములాఖత్‌కి వచ్చింది. నేను మళ్ళీ రాయకపోయినా తనే వచ్చింది. భీమవరం నుంచి రాజమండ్రి దాకా పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని బస్సులో వచ్చింది. అద్దం అవతల పిల్లల్ని ముందు నిలబెట్టుకుంది. తర్వాత "ప్రేమ్ బాబూ, నిన్ను క్షమించేశాను. ఆయన కూడా క్షమిస్తాడు" అంది. పిల్లలచేత అద్దం మీద చెయ్యి పెట్టించింది. అక్కా, ఆ పది నిమిషాల కోసం ఇంకో ఏడాదిన్నర ఇక్కడ ఉండమన్నా ఉంటాను.

కానీ వెళ్ళేముందు ఒక మాట చెప్పింది. అదే నన్ను తినేస్తోంది. ఆమెకి ఒక కల వస్తోందట. "షెడ్డులో బల్బు వెలుగుద్ది బాబూ. ఎవరిదో చెయ్యి వరసగా నొక్కుకుంటా పోద్ది. ఆ చేతికి గాజులుంటాయి. లేచి నా చెయ్యి చూసుకుంటాను. నువ్వు నొక్కానని రాశావు కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే నాకు పిచ్చెక్కిపోయేది." నేను "కలలకేం వదినా, నేనే" అన్నాను. "నువ్వు మంచోడివి, నాకోసం అన్నా అంటావు. టీచరుగారు కళ్ళతో చూశారు. ఆవిడ నాకు ఏమీ కనబళ్ళేదన్నారు. ఆవిడ ఒక్క మాట చెప్తే ఆ కల పోద్ది" అంది.

నాకేమో నేను కాదని రాశావు. ఆమెకి ఏమీ కనబడలేదని చెప్పావు. రెండూ నిజం కావు కదక్కా. నామీద ప్రేమతో నువ్వు ఆడిన అబద్ధం ఆమెని చంపేలా ఉంది. నేను తట్టుకుంటాను, నా గురించి భయపడకు. జనవరి మొదటి వారంలో మళ్ళీ వస్తానంది. నీ చేతి రాత ఆమె పెద్దపిల్ల గుర్తుపడుతుంది, అద్దానికి ఆనించి చదివిస్తాను. చూసింది చూసినట్టు ఒక్క లైను రాయి. నువ్వు రాయకపోతే ఆమె ఏం అనుకుంటుందో నువ్వే ఆలోచించు.

నీ తమ్ముడు
ప్రేమ్


చినమెరక
డిసెంబరు 28, 2025

తమ్ముడు ప్రేమ్‌కి,

క్రిస్మస్ బాగానే జరిగింది. చర్చికి సున్నం వేశారు. నాకు ఆరోగ్యం బాగానే ఉంది. నీకు స్వెట్టర్ పంపాను, అందితే వేసుకో, దాచుకోకు.

నువ్వు అడిగిన లైను రాయడానికి మూడు వారాలు పట్టింది. ఎన్ని కాగితాలు చింపానో నాకే తెలుసు. ఇక చింపను. నిన్ను నా చేతుల్లో పెంచానురా, నీకన్నా ఎక్కువ నాకెవరూ లేరు, ఇది మాత్రం ఎప్పటికీ మరిచిపోకు.

కింద రాసింది సత్యకుమారికి చూపించు. పెద్దపిల్లచేత గట్టిగా చదివించు.

ఆగస్టు పది రికార్డు నేను నా కళ్ళతో చూశాను. ఐదు స్టార్టర్లూ నొక్కింది నా తమ్ముడు ప్రేమ్ కుమార్. షెడ్డులోకి ఇంకెవరూ వచ్చి వాటిని ముట్టుకోలేదు.

మెర్సీ